మింగుడుపడని ముద్ద: అన్నవాహికలో ఇయోసినోఫిల్స్‌పై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా అబ్బాయికి 27 ఏళ్లు. చపాతీ, మాంసం తినేటప్పుడు ముద్ద గుండెల దగ్గర ఆగిపోతోందని ఏడెనిమిదేళ్లుగా అంటున్నాడు. లేచి నాలుగడుగులు వేసి నీళ్లు తాగితే దిగిపోతుంది. రెండేళ్ల కిందట ఒక పెళ్లి విందులో మటన్ ముక్క అడ్డుపడి ఉమ్మి కూడా మింగలేకపోతే, రాత్రికి రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఎండోస్కోపీ చేసి ముక్క తీశారు. అన్నవాహిక మామూలుగానే ఉందని రాసి, గ్యాస్ మాత్రలిచ్చి పంపారు. ఇప్పుడు మరో గ్యాస్ట్రోఎంటరాలజిస్టు మళ్లీ ఎండోస్కోపీ చేయాలని, లోపల ఏమీ కనిపించకపోయినా ఆరు చోట్ల ముక్కలు తీసి పరీక్షకు పంపుతానని అంటున్నారు. 'ఇయోసినోఫిలిక్ ఈసోఫజైటిస్' కావచ్చట. ఏమీ లేని చోట ముక్కలు తీయడమెందుకు? ఇది క్యాన్సర్ అనుమానమేనా? అబ్బాయికి చిన్నప్పటి నుంచి తుమ్ములు, అప్పుడప్పుడు పిల్లికూతలు ఉన్నాయి.
— ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ముందు మీ భయం సంగతి చూద్దాం. బయాప్సీ అనగానే మన ఇళ్లలో ఎవరికైనా గుర్తొచ్చేది క్యాన్సరే. మీ అబ్బాయి విషయంలో డాక్టరు గారు వెతుకుతున్నది దాన్ని కాదు. క్యాన్సర్ వల్ల కలిగే అడ్డు సాధారణంగా వారాల్లో, నెలల్లో ముదురుతుంది; మొదట ముద్ద, తర్వాత జావ, చివరికి నీళ్లు కూడా దిగని స్థితి వస్తుంది, మనిషి చిక్కిపోతాడు. ఇరవై ఏళ్ల వయసులో మొదలై, గట్టి పదార్థాలతో మాత్రమే, వస్తూ పోతూ ఏళ్ల తరబడి సాగే ఇబ్బంది నడక వేరు. పైగా మీ డాక్టరు గారు పేరు చెప్పిన జబ్బు క్యాన్సర్‌గా మారుతుందనడానికి ఇంతవరకు ఆధారం లేదు.

ఇయోసినోఫిల్స్ తెల్ల రక్తకణాల్లో ఒక రకం. ఇయోసిన్ అనే గులాబీ ఎరుపు రంగును గాఢంగా పట్టుకుంటాయి కాబట్టి 1879లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ వీటికి ఆ రంగు పేరే పెట్టాడు. పొట్టలోనూ పేగుల్లోనూ ఇవి ఎంతో కొంత ఎప్పుడూ ఉంటాయి. అక్కడ కనిపిస్తే వింత లేదు. కాని గొంతు నుంచి పొట్ట వరకు అన్నాన్ని చేరవేసే సుమారు 25 సెంటీమీటర్ల గొట్టం ఉంది చూడండి, ఆ అన్నవాహిక లోపలి పొరలో ఆరోగ్యవంతులకు ఇవి ఉండవు. ఆహారంలోని కొన్ని ప్రొటీన్లను, ముఖ్యంగా పాలు, గోధుమల్లో ఉండేవాటిని, కొందరి శరీరం శత్రువులుగా భావించినప్పుడు ఈ కణాలు అన్నవాహిక గోడలోకి వచ్చి చేరతాయి. మొదట వాపు వస్తుంది; ఇయోసినోఫిలిక్ ఈసోఫజైటిస్ అంటే ఇదే. ఏళ్లు గడిచిన కొద్దీ గోడ గట్టిపడి, సాగే గుణం పోయి, గొట్టం ఇరుకవుతుంది. మీ అబ్బాయి చపాతీ ఆగుతున్నది బహుశా అటువంటి చోటే.

ఈ జబ్బు వైద్యులకు తెలిసి ఎంతో కాలం కాలేదు. అన్నవాహిక ముక్కలో ఇయోసినోఫిల్స్ కనిపిస్తే అది పొట్టలోని ఆమ్లం పైకి తన్నడం వల్లనే అనుకునే రోజులు ఉండేవి. 1993లో ఆట్‌వుడ్ బృందం 12 మంది రోగులను, 1994లో స్విట్జర్లాండులో స్ట్రామన్ బృందం 10 మందిని వర్ణించి, ఇది ఆమ్లం పని కాదని, విడిగా ఒక జబ్బని చూపించాయి. అందుకే అంతకు ముందు చదువుకున్న మా తరం వైద్యుల చెయ్యి, ముద్ద ఆగుతోందనగానే, అలవాటుగా గ్యాస్ మాత్ర వైపే వెళుతుంది. ఇందులో మా తప్పు కూడా ఉందని ఒప్పుకోవాలి.

నిర్ధారణ నిజానికి ఎండోస్కోపీ గొట్టం వేయకముందే, కుర్చీలో కూర్చోబెట్టి అడిగే ప్రశ్నలతో మొదలవుతుంది. మన భాషలో మింగడానికి సంబంధించి చక్కని తేడాలు ఉన్నాయి, వాటిని వైద్యుడు వాడుకోవాలి. తినేటప్పుడు పొలమారి దగ్గు వచ్చి, ముక్కులోంచి నీళ్లు వస్తే, ఎవరో తలచుకుంటున్నారని పెద్దవాళ్లు నెత్తిన తడతారు. తరచూ పొలమారితే అది గొంతులో, మింగే కండరాల్లో, నరాల్లో ఉన్న లోపం. గొంతులో ఏదో ఉండలా అడ్డంగా ఉన్నట్టుండి, తినేటప్పుడు మాత్రం ఏ ఇబ్బందీ లేకపోతే అది ఇంకొకటి. మింగిన తర్వాత రెండు మూడు క్షణాలకు ముద్ద ఎదురు రొమ్ము వెనక ఆగిపోయి, దిగేదాకా ఊపిరి బిగబట్టి కూర్చోవలసి వస్తే అది అన్నవాహిక జబ్బు. అందులోనూ మొదటి నుంచి నీళ్లు, ముద్దలు రెండూ ఆగుతుంటే గొట్టం కదలికల లోపాన్ని, గట్టివి మాత్రమే ఆగుతుంటే గొట్టం ఇరుకును అనుమానిస్తాం.

ఇబ్బంది ఏమిటంటే, ఇటువంటి రోగుల్లో చాలామంది 'నాకేమీ లేదు, బాగానే తింటాను' అంటారు. అబద్ధం కాదు, ఏళ్ల తరబడి తమకు తెలియకుండానే సర్దుకున్నారు. అందుకని 'మింగడం కష్టంగా ఉందా' అని కాకుండా, ఎలా తింటారని అడగాలి. ప్రతి ముద్దకూ ఒక గుక్క నీళ్లు కావాలా? అందరూ చేతులు కడుక్కున్నాక కూడా మీ విస్తరి సగం అలాగే ఉంటుందా? చపాతీని పప్పులోనో కూరలోనో బాగా నానబెట్టి తింటారా? మాంసాన్ని వేళ్లతో పీచులు పీచులుగా విడదీస్తారా? పెద్ద మాత్ర చూస్తే భయమా? నలుగురిలో, హోటల్లో తినడానికి వెనకాడతారా? వీటికి జవాబు చాలాసార్లు రోగి నుంచి కాక, పక్కన కూర్చున్న తల్లి నుంచో భార్య నుంచో వస్తుంది. మీరు ఉత్తరంలో రాసిన 'లేచి నాలుగడుగులు వేయడం' కూడా అటువంటిదే.

తుమ్ములు, పిల్లికూతలు అని చివర్లో రాశారు. మీ డాక్టరు గారు బహుశా దాన్నే మొదట పట్టుకుని ఉంటారు. ఉబ్బసం, ముక్కు ఎలర్జీ, ఎగ్జిమా, ఆహార ఎలర్జీ ఉన్నవారిలో ఈ జబ్బు ఎక్కువ. స్త్రీల కంటే పురుషుల్లో సుమారు మూడింతలు ఎక్కువ. యువకుడు, ఎలర్జీ ఉన్నవాడు, ఒకసారి ముక్క ఇరుక్కుని ఆసుపత్రి దాకా వెళ్లినవాడు: ఈ మూడూ కలిసినప్పుడు గ్యాస్ట్రోఎంటరాలజిస్టు మనసులో ముందు వరుసలో నిలిచే పేరు ఇదే.

ఇక ఎండోస్కోపీ. లోపల చూసే వైద్యుడు అయిదు గుర్తుల కోసం వెతుకుతాడు. 2013లో హిరానో బృందం వీటికి మార్కులు వేసే పద్ధతి కూడా ఏర్పరచింది. ఆరోగ్యంగా ఉన్న అన్నవాహిక గోడ మీద సన్నని రక్తనాళాలు తమలపాకు ఈనెల్లా కనిపిస్తాయి. వాపు వస్తే ఆ ఈనెలు మాయమై గోడ పాలిపోయినట్టు ఉంటుంది. గొట్టం లోపల వరుసగా గాజులు తొడిగినట్టు వలయాలు ఏర్పడవచ్చు. పై నుంచి కిందికి, నాగలి చాళ్ల మాదిరి, నిలువు గాడులు పడవచ్చు. పెరుగు చింది పడినట్టు తెల్లటి చుక్కలు ఉండవచ్చు. ఇవి గుంపుగా చేరిన ఇయోసినోఫిల్స్ కావచ్చు, కాని ఉబ్బసానికి ఇన్‌హేలర్ వాడేవారిలో వచ్చే ఫంగస్ కూడా ఇలాగే తెల్లగా ఉంటుంది కాబట్టి కంటితో చూసి తేల్చకూడదు. అయిదవది, గొట్టం ఒక చోట గాని పొడవునా గాని ఇరుకు కావడం. మార్కుల పట్టికలో లేని గుర్తు ఒకటి వైద్యుడి చేతికి తెలుస్తుంది: మామూలు అన్నవాహికలో పట్టకారుతో ముక్క సులువుగా తెగివస్తుంది, ఈ జబ్బులో గట్టిపడిన గోడ వెనక్కి లాగుతుంది.

ఏమీ కనిపించని చోట ముక్కలెందుకన్నది మీ అసలు ప్రశ్న. ఈ అయిదు గుర్తులూ లేకుండా, కంటికి నిక్షేపంగా కనిపించే అన్నవాహికలో కూడా జబ్బు ఉండవచ్చు; అలాంటివారు తక్కువే గాని ఉన్నారు. గుర్తులు ఉన్నా, అర్ధరాత్రి అత్యవసరంగా ఎండోస్కోపీ చేస్తున్న వైద్యుడి దృష్టంతా ఇరుక్కున్నదాన్ని క్షేమంగా తీయడం మీదే ఉంటుంది. ఆ రాత్రి మటన్ ముక్క తీశారు, అన్నవాహిక ముక్క తీయలేదు. ముక్క ఇరుక్కుని వచ్చినవారిలో ఈ జబ్బు చాలా ఎక్కువగా బయటపడుతోంది కాబట్టి, వీలున్నంత వరకు ఆ ఎండోస్కోపీలోనే బయాప్సీ తీసుకోవాలని ఇప్పటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. అప్పుడు తీయకపోతే కనీసం తిరిగి రమ్మని పిలవాలి. మీ విషయంలో ఆ పిలుపు రెండేళ్లు ఆలస్యంగా వచ్చిందన్నమాట.

ఒకటి చాలదా, ఆరెందుకు? ఈ కణాలు గోడంతా సమానంగా పరుచుకుని ఉండవు. ఒక చోట గుంపుగా ఉండి, రెండు వేళ్ల దూరంలో ఒక్కటీ లేకపోవచ్చు. ఒక్క ముక్క మాత్రమే తీస్తే జబ్బున్నవారిలో దాదాపు సగం మందిలోనే అది దొరుకుతుందని, అయిదు ముక్కలు తీస్తే దాదాపు ఎవరూ తప్పిపోరని 2006 నాటి ఒక అమెరికన్ అధ్యయనం చూపింది. అందుకే కనీసం ఆరు, అవి కూడా అన్నవాహిక పై భాగం నుంచి కొన్ని, కింది భాగం నుంచి కొన్ని, చాళ్లు, తెల్లచుక్కలు కనిపిస్తే వాటి మీద నుంచి తీయడం ఇప్పుడు పద్ధతి. ఒక్కొక్కటి రెండు మూడు మిల్లీమీటర్లే ఉంటుంది. తీస్తున్నప్పుడు నొప్పి తెలియదు.

ఆ ముక్కలు పాథాలజిస్టు దగ్గరకు వెళతాయి. ఆయన వాటికి రంగు వేసి, సూక్ష్మదర్శినిలో నాలుగు వందల రెట్లు పెద్దవిగా చూస్తూ, ఇయోసినోఫిల్స్ అన్నిటి కంటే చిక్కగా ఉన్న చోటును వెతికి, ఆ ఒక్క దృశ్యంలో ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు. 15 గాని అంతకు మించి గాని ఉంటే హద్దు దాటినట్టు. సూక్ష్మదర్శినిని బట్టి దృశ్య వైశాల్యం మారుతుంది కనుక, చదరపు మిల్లీమీటరుకు సుమారు 60 అని కూడా చెబుతారు. మీరు రిపోర్టు తీసుకునేటప్పుడు 'ఇయోసినోఫిల్స్ ఉన్నాయి' అన్న మాటతో సరిపెట్టుకోకుండా, సంఖ్య రాశారా లేదా చూడండి. చికిత్స తర్వాత పోల్చుకోవడానికి ఆ సంఖ్యే ఆధారం.

సంఖ్య వచ్చినంత మాత్రాన పని పూర్తి కాదు. ఆమ్లం తన్నడం, కొన్ని మందులు పడకపోవడం, ఫంగస్, అకలేషియా అనే కదలికల జబ్బు, పేగుల్లో వాపు తెచ్చే క్రోన్స్ జబ్బు, రక్తంలోనే ఇయోసినోఫిల్స్ విపరీతంగా పెరిగే జబ్బు, వీటిలో కూడా అన్నవాహికలో ఈ కణాలు కనిపించవచ్చు. మన దగ్గర మింగుడు సమస్యకు ఇంకా కొన్ని కారణాలను గుర్తుంచుకోవాలి: రక్తహీనత ఉన్న స్త్రీలలో గొంతు కింద ఏర్పడే పల్చని తెర, ఎప్పుడో యాసిడ్ తాగడం వల్ల మిగిలిన మచ్చ, క్షయ. లక్షణాలు, సంఖ్య, ఇతర కారణాలు ఇవి కావని తేల్చుకోవడం: ఈ మూడూ కలిస్తేనే పేరు పెడతాం.

ఈలోగా మళ్లీ ముక్క ఇరుక్కుని ఉమ్మి కూడా దిగకపోతే, చేప ముల్లుకు చేసినట్టు పొడి అన్నం ముద్దలు గాని అరటిపండు గాని మింగించి కిందికి తోయాలని చూడకండి. వేలు పెట్టి వాంతి చేయించకండి. గట్టిపడిన అన్నవాహిక బలమైన వాంతికి చిరిగే ప్రమాదం ఉంది. గంటల వ్యవధిలోనే ఎండోస్కోపీ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఈసారి బయాప్సీ సంగతి మీరే గుర్తుచేయండి.

ప్రశ్న: రక్తపరీక్షలో నాకు ఇయోసినోఫిల్స్ 9 శాతం ఉన్నాయి. చిన్నప్పుడు 'ఈస్నోఫీలియా' అని మాత్రలు వాడాను. మీరు చెప్పే అన్నవాహిక జబ్బు నాకు ఉన్నట్టేనా? మింగడంలో ఇబ్బంది ఏమీ లేదు.
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: లేనట్టే. మన జిల్లాల్లో 'ఈస్నోఫీలియా' అన్న మాట రెండు తరాలుగా ఇంటింటి మాట. బోదకాలు పురుగుకు ఊపిరితిత్తులు స్పందించడం వల్ల, రాత్రిళ్లు వదలని దగ్గుతో, రక్తంలో ఈ కణాలు బాగా పెరిగి వచ్చే ఒక జబ్బు ఉంది. దానికి వాడే మాత్రలే మీకూ ఇచ్చి ఉంటారు. కడుపులో నులిపురుగులున్నా, ముక్కు ఎలర్జీ ఉన్నా, ఉబ్బసం ఉన్నా ఈ సంఖ్య పెరుగుతుంది. రక్తంలో పెరిగినంత మాత్రాన అన్నవాహికలో ఉన్నట్టు కాదు. ఇంకో వైపు, అన్నవాహిక నిండా ఇయోసినోఫిల్స్ ఉన్న రోగుల్లో చాలామందికి రక్తంలో సంఖ్య మామూలుగానే ఉంటుంది. కాబట్టి ఈ జబ్బును రక్తపరీక్షతో అవుననీ చెప్పలేం, కాదనీ చెప్పలేం. శాతం కన్నా మొత్తం సంఖ్య ముఖ్యం: మైక్రోలీటరుకు 1500 దాటి, మళ్లీ చేసినా అలాగే ఉంటే దాని కారణాన్ని విడిగా వెతకాలి.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ముద్ద ఆగుతోందని ఎండోస్కోపీ చేస్తే, బయాప్సీలో ఒక దృశ్యంలో 28 ఇయోసినోఫిల్స్ ఉన్నాయని వచ్చింది. పొట్టలో మంట కూడా ఉంది. ఒక డాక్టరు ఇది ఆమ్లమేనని, పాంటాప్రజోల్ రెండు నెలలు వాడి తగ్గితే ఇయోసినోఫిలిక్ జబ్బు కానట్టేనని అన్నారు. మరొకరు ఆ పరీక్ష ఇప్పుడు లేదంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మొదటి డాక్టరు గారు చెప్పింది తప్పు చదువు కాదు, పాత చదువు. 2007లో మొదటి మార్గదర్శకాలు వచ్చినప్పుడు, ఆమ్లాన్ని తగ్గించే మాత్రలకు లొంగితే ఆమ్లం జబ్బు, లొంగకపోతేనే ఇయోసినోఫిలిక్ జబ్బు అని గీత గీశారు. తర్వాతి సంవత్సరాల్లో ఆ గీత నిలవలేదు. మాత్రలకు లొంగినవారికీ లొంగనివారికీ లక్షణాల్లో గాని, ఎండోస్కోపీలో గాని, ముక్కల్లోని జన్యువుల పనితీరులో గాని చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పైగా ఈ మాత్రలు ఆమ్లాన్ని తగ్గించడమే కాక, ఇయోసినోఫిల్స్‌ను పిలిచే ఇయోటాక్సిన్-3 అనే రసాయనాన్ని అన్నవాహిక కణాలు తయారుచేయకుండా నేరుగా ఆపుతాయని తేలింది. దానితో 2018లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఆ షరతును తొలగించింది. పాంటాప్రజోల్ వంటి మాత్ర ఇప్పుడు పరీక్ష కాదు, చికిత్స. రోగుల్లో దాదాపు సగం మందికి దానితోనే ముక్కల్లో కణాలు హద్దు కిందికి వస్తాయి. జ్వరం మాత్రకు తగ్గింది కాబట్టి అది జ్వరం కాదనడం ఎలా ఉంటుందో, మాత్రకు తగ్గింది కాబట్టి ఈ జబ్బు కాదనడం అలాగే ఉంటుంది.

రెండు జబ్బులూ ఒకరికే ఉండవచ్చన్నది కూడా గుర్తుంచుకోండి. ఆమ్లం వల్ల వచ్చే ఇయోసినోఫిల్స్ సాధారణంగా కొద్దిగా, అన్నవాహిక కింది చివరన ఉంటాయి. పై భాగపు ముక్కల్లోనూ ఎక్కువగా ఉంటే తూకం ఈ ఎలర్జీ జబ్బు వైపే మొగ్గుతుంది. మీ 28 ఏ భాగపు ముక్కలోదో రిపోర్టులో చూడండి. పై ముక్కలనూ కింది ముక్కలనూ వేర్వేరు సీసాల్లో పంపకుండా కలిపేస్తే ఆ ఆధారం పోతుంది. ఇది చిన్న సంగతే అయినా చాలాచోట్ల జరుగుతుంది.

ఇక్కడే ఇంకో చిక్కు. మన ఊళ్లలో పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకోవడం పళ్లు తోముకోవడంతో సమానమైపోయింది. ఆ మాత్ర వాడుతుండగా తీసిన ముక్కల్లో కణాలు లేవని వస్తే, జబ్బు లేదని చెప్పలేం, అణిగి ఉండవచ్చు. అందుకని ఈ జబ్బు అనుమానం ఉన్నప్పుడు, వీలైతే మొదటి ఎండోస్కోపీకి ముందు కొన్ని వారాల పాటు ఆ మాత్రను ఆపించడం మంచిది. ఆపాలా వద్దా అన్నది మాత్రం మీ డాక్టరే చెప్పాలి. పొట్టలో పుండు నుంచి రక్తం పోయిన చరిత్ర ఉన్నవారు, గుండెకు రక్తం పలుచన చేసే మందులు వాడుతున్నవారు సొంతంగా ఆపకూడదు. మీకు సంఖ్య ముందే తెలిసింది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. మీరు మాత్ర వాడండి. ఎనిమిది నుంచి పన్నెండు వారాల తర్వాత ముక్కలు మళ్లీ తీయించుకోండి. మింగడం సులువైందని ఊరుకోకూడదు, ఎందుకంటే లక్షణాలూ కణాల సంఖ్యా ఎప్పుడూ కలిసి నడవవు.

ప్రశ్న: మేము టెక్సాస్‌లో ఉంటాం. మా అయిదేళ్ల బాబు అన్నం బుగ్గన పెట్టుకుని గంటసేపు కూర్చుంటాడు, తరచూ వాంతి చేసుకుంటాడు, బరువు పెరగడం లేదు. మొండితనం అనుకున్నాం. పిల్లల గ్యాస్ట్రో డాక్టరు ఎండోస్కోపీ అంటున్నారు. ఎలర్జీ డాక్టరు చేసిన చర్మ పరీక్షలో పాలు, పల్లీలు, శనగలు, నువ్వులతో కలిపి పదకొండు వచ్చాయి. అవన్నీ మానిపిస్తే ఎండోస్కోపీ తప్పుతుందా?
— ఒక తల్లి

జవాబు: తప్పదు, మానిపించకండి కూడా. చర్మం మీద, రక్తంలో చేసే ఎలర్జీ పరీక్షలు తిన్న నిమిషాల్లో దద్దుర్లు, ఆయాసం తెచ్చే ఎలర్జీని పట్టడానికి ఉద్దేశించినవి. అన్నవాహికలో జరిగేది వేరే దారిలో, నెమ్మదిగా సాగే స్పందన. దానికి కారణమైన ఆహారాన్ని ఈ పరీక్షలు నమ్మకంగా చూపలేవు. పదకొండు పదార్థాలు ఒక్కసారి మానిపిస్తే, అసలే బరువు పెరగని బిడ్డకు తినడానికి ఏమి మిగులుతుంది? పైగా ఎండోస్కోపీకి ముందే ఆహారం మారిస్తే కణాలు తగ్గిపోయి జబ్బు దొరక్కుండా పోవచ్చు. పల్లీలకో నువ్వులకో బాబుకు ఎప్పుడైనా తిన్న వెంటనే దద్దుర్లు, ముఖం వాపు వచ్చి ఉంటే మాత్రం, అది విడిగా ప్రమాదకరమైన ఎలర్జీ, దానికి మీ ఎలర్జీ డాక్టరు మాటే పాటించండి.

పెద్దవాళ్లలా 'ముద్ద ఆగింది' అని చెప్పే మాట చిన్న పిల్లలకు రాదు. పసివాళ్లు పాలు తాగనని మారాం చేస్తారు, కక్కుతారు. మీ బాబు వయసువాళ్లు కడుపునొప్పి అంటారు, గట్టివి ఉమ్మేస్తారు, మెత్తగా పిసికిన పెరుగన్నమే కావాలంటారు. బుగ్గన పెట్టుకోవడం మొండితనం కాకపోవచ్చు, మింగితే ఏమవుతుందో వాడికి తెలుసు. పిల్లలకు మత్తు ఇచ్చి ఎండోస్కోపీ చేస్తారు. పిల్లల అన్నవాహికలో వలయాలు, ఇరుకులు తక్కువ. వాపు, తెల్లచుక్కలు, చాళ్లు ఎక్కువ. అదే సమయంలో పొట్ట నుంచి, చిన్నపేగు మొదటి భాగం నుంచి కూడా ముక్కలు తీసి, గోధుమ పడని సీలియాక్ జబ్బు గాని, పేగుల్లోనూ ఇయోసినోఫిల్స్ పెరగడం గాని ఉందేమో చూస్తారు.

జబ్బని తేలిన తర్వాత ఆహారం మార్చాలనుకుంటే, ఒకదానితో మొదలుపెట్టడం మేలు. అమెరికాలో పెద్దవాళ్ల మీద జరిపి 2023లో ప్రచురించిన పరిశోధనలో, పాలు ఒక్కటే మానినవారిలో 34 శాతానికి, ఆరు రకాల ఆహారాలు మానినవారిలో 40 శాతానికి కణాలు తగ్గాయి. ఆ తేడా లెక్కకు నిలిచేది కాదు. మన ఇళ్లలో పాలు మానడం అంటే పెరుగు, మజ్జిగ, నెయ్యి, పాలకోవా అన్నీ మానడమే. అమ్మమ్మలకు ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. పదిహేనేళ్లుగా ముద్ద ముద్దకూ మజ్జిగ తాగుతూ తినడం అలవాటైపోయింది. ఇబ్బంది లేకుండానే గడిచిపోతోంది. గొట్టం వేయించుకోవాలంటే భయం. గొట్టం లేకుండా తెలుసుకునే దారి ఉందా? అసలు తెలుసుకోవడం అవసరమా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. స్విట్జర్లాండు వైద్యులు 2013లో తమ రోగుల వివరాలు కూడగట్టి చూస్తే, లక్షణాలు మొదలైన రెండేళ్లలోపు జబ్బు తేలినవారిలో సుమారు 17 శాతానికి అన్నవాహిక ఇరుకైంది. ఇరవై ఏళ్లకు పైగా ఆలస్యమైనవారిలో 71 శాతానికి ఇరుకైంది. మీ మజ్జిగ ముద్దను దించుతోంది, గోడ గట్టిపడటాన్ని ఆపడం లేదు.

గొట్టం లేని దారులు కొన్ని ఉన్నాయి. ఒక దారం ఉన్న గుళిక మింగించి, గంట తర్వాత దారం బయటికి లాగి, దానికి అంటిన ఇయోసినోఫిల్ ప్రొటీన్లను కొలిచే పద్ధతి ఒకటి. గుళికలో మడిచిన స్పాంజిని మింగించి, అది విచ్చుకున్నాక లాగి, దానికి అంటిన కణాలను చూసే పద్ధతి మరొకటి. ఇవి విదేశాల్లో, అదీ ఎక్కువగా జబ్బు తేలిన తర్వాత చికిత్సను గమనించడానికి వాడుతున్నవి. మొదటిసారి పేరు పెట్టడానికి ముక్కలే కావాలి. అంటే గొట్టం తప్పదు. మత్తు సూది ఇచ్చి చేయమని అడగండి. పది పదిహేను నిమిషాల పని, చాలామందికి జరిగింది కూడా గుర్తుండదు.

మీ విషయంలో ఎండోస్కోపీకి తోడు బేరియం పరీక్ష కూడా చేయించమని అడుగుతాను. అన్నవాహిక వెడల్పు సుమారు 13 మిల్లీమీటర్ల కంటే తగ్గితే గట్టి ఆహారం ఆగడం మొదలవుతుంది. ఎండోస్కోపీ గొట్టం లావు సుమారు 9 మిల్లీమీటర్లే. అన్నవాహిక పొడవునా సమానంగా సన్నబడి 11 మిల్లీమీటర్లకు వచ్చినా గొట్టం అడ్డం లేకుండా దిగిపోతుంది, చూసేవాడికి ఇరుకు తెలియదు. మామూలుగా ఉందని రాసేస్తాడు. సున్నపు నీళ్లలా ఉండే బేరియం మందు తాగించి ఎక్స్‌రే తీస్తే ఆ సన్నదనం బయటపడుతుంది. 13 మిల్లీమీటర్ల బేరియం మాత్ర దొరికే చోట దాన్ని మింగించి, ఎక్కడ ఆగిందో కూడా చూస్తారు. ఇరుకు ఎంత ఉందో ముందే తెలిస్తే, మందులతో పాటు బెలూన్‌తో వెడల్పు చేయాలా, చేస్తే ఎన్ని విడతల్లో చేయాలన్నది వైద్యుడు నిర్ణయించుకోగలడు. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు మజ్జిగ సంగతి తప్పకుండా చెప్పండి, ఎందుకంటే వారు అడగకపోవచ్చు.